పొదగని కోడి కోసం ఇరవై ఎనిమిది రోజులు

ఫిబ్రవరి 5న విజయనగరంలో రైలెక్కాను. మార్చి 4న మళ్ళీ మా ఇంటి గడప తొక్కాను. ఈ ఇరవై ఎనిమిది రోజుల్లో, ఏ పక్షి కోసం వెళ్ళానో అది నా కంటికి కనిపించింది అంతా కలిపితే పావుగంట కూడా ఉండదు. అయినా మళ్ళీ వెళ్ళమంటే రేపే బయలుదేరతాను. వెళ్ళాలనుకునే వాళ్ళకు అక్కడ నిజంగా ఏం జరుగుతుందో తెలియాలని, తడిసిన నోటుపుస్తకం ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఆ పక్షి నికోబార్ మెగాపోడ్. లోకం మొత్తం మీద నికోబార్ దీవుల్లో తప్ప ఎక్కడా లేదు. మా పెద్దనాన్న దాన్ని దిబ్బకోడి అనేవాడు. ఆయన సైన్యంలో పనిచేసి, 1970ల్లో మాజీ సైనికుల కుటుంబాలను గ్రేట్ నికోబార్‌లో స్థిరపరిచినప్పుడు ఆంధ్ర నుంచి వెళ్ళిన వాళ్ళలో ఒకడు. రెండు మూడేళ్ళకొకసారి ఊరికి వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని చెప్పేవాడు: "అక్కడొక కోడి ఉందిరా. గుడ్డు మీద కూర్చోదు. పెంటదిబ్బ లాంటిది కట్టి, అందులో గుడ్డు పెట్టి తన దారిన తాను పోతుంది. పిల్ల తవ్వుకుని బయటికొచ్చి, తల్లి ఎవరో తెలియకుండానే అడవిలోకి పోతుంది." నాకప్పుడు పన్నెండేళ్ళు. నమ్మలేదు. తరవాత ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకు జీవశాస్త్రం పాఠాలు చెప్పాను, ఆ పక్షి గురించీ చెప్పాను, చూడకుండానే. 2024లో పదవీ విరమణ అయ్యాక ఇక వాయిదా వేయడానికి సాకు మిగలలేదు. పెద్దనాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. పెద్దమ్మ మాత్రం ఇప్పటికీ ఆ దీవిలోని క్యాంప్‌బెల్ బే అనే ఊళ్ళోనే ఉంది.

విశాఖ రేవు నుంచి అండమాన్‌కు ఓడ ఉంది గానీ అది ఎప్పుడో ఒకసారి. నాకు కుదిరే తేదీ దొరకలేదు. అందుకని చెన్నై వరకు రైలు, అక్కడి నుంచి విమానం. ఫిబ్రవరి 6 మధ్యాహ్నానికి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. 2024 సెప్టెంబరు నుంచి దాని పేరు శ్రీవిజయపురం. కానీ ఆటో అబ్బాయి దగ్గర నుంచి మా అన్నయ్య దాకా అందరూ పాత పేరే అంటున్నారు. అన్నయ్య, అంటే పెద్దనాన్న కొడుకు, అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఊళ్ళో తెలుగు వినడానికి వెతుక్కోనక్కరలేదు. కూరగాయల బజారులో శ్రీకాకుళం యాస విని నేనే రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

అసలు ఎదురుచూపు అక్కడే మొదలైంది. గ్రేట్ నికోబార్‌కు ఓడ 9న అన్నారు. 8వ తేదీ ఉదయం ఆరింటికే వెళ్ళి ఫీనిక్స్ బే టికెట్ కౌంటరు ముందు నిలబడ్డాను. ద్వీపవాసుల కార్డు ఉన్నవాళ్ళకు ఒక ధర, మనకు ఒక ధర. మూడు గంటలు నిలబడితే దొరికింది బంకు టికెట్, అంటే కింది అంతస్తులో రైలు బెర్తు లాంటి పడక. ఆ సాయంత్రమే ఓడ రెండు రోజులు ఆలస్యమని తెలిసింది. నాకు చిరాకు వచ్చింది. వదిన మాత్రం చేపలు తోముతూ, "మరిదిగారూ, ఇక్కడ తేదీ అంటే ఆ రోజు కాదు, ఆ వారం" అంది. ఆ మాట నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. వెళ్ళాలనుకునే వాళ్ళు తిరుగు విమానం టికెట్ ముందే కొనకండి. నేను కొన్నాను, అది వృథా అయింది.

11 సాయంత్రం అయిదింటికి ఓడ కదిలింది. మొదటి నాలుగు గంటలు బాగానే ఉంది. లిటిల్ అండమాన్ దాటి పది డిగ్రీల కాలువలోకి వచ్చాక సముద్రం తీరు మారింది. నూట యాభై కిలోమీటర్ల వెడల్పున నడుమ నేల అన్నదే లేని నీళ్ళు. ఓడ ముందుకు, వెనక్కి కాక పక్కలకు ఊగుతుంది. కడుపు ఆగలేదు. పక్క బంకులో ఉన్న నికోబారీ పెద్దావిడ, భాష కలవకపోయినా, ఒక నిమ్మకాయ నా చేతిలో పెట్టి వాసన చూడమని సైగ చేసింది. రాత్రంతా ఆ నిమ్మకాయే నా దిక్కు. మర్నాడు పొద్దున కార్ నికోబార్‌లో ఆవిడ దిగిపోతుంటే చేతులు జోడించాను. పాసు లేని మాలాంటి వాళ్ళు అక్కడ దిగకూడదు. అది గిరిజన రిజర్వు. ఓడ మీద నుంచే కొబ్బరి తోపులు చూశాం. రాత్రికి కమోర్టా దీవి.

కమోర్టా దాటాక సొంబ్రెరో కాలువ వస్తుంది. ఎందుకు చెబుతున్నానంటే, మెగాపోడ్‌కు అది సరిహద్దు. కాలువకు ఉత్తరాన దీవుల్లో ఉండేది ఒక ఉపజాతి, దక్షిణాన లిటిల్ నికోబార్, గ్రేట్ నికోబార్‌లలో ఉండేది ఇంకొకటి. ఇది బరువైన పక్షి, ఎక్కువ దూరం ఎగరదు. చీకట్లో పైఅంతస్తు కటకటాలు పట్టుకుని ఆ నీళ్ళనే చూస్తూ నిలబడ్డాను. నాకు నాలుగైదు గంటల ప్రయాణం, ఆ పక్షికి వేల ఏళ్ళ ఎడబాటు. కడుపులో తిప్పు ఉన్నా ఆ అరగంట లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు.

13 ఉదయం తొమ్మిదింటికి క్యాంప్‌బెల్ బే. నలభై గంటలు. జెట్టీ దగ్గర పేరు, ఆధార్ సంఖ్య రాసుకున్నారు. పెద్దమ్మ జెట్టీ దాకా రాలేక, పక్కింటి పంజాబీ ముసలావిడ మనవణ్ణి స్కూటరిచ్చి పంపింది. సునామీ తరవాత ప్రభుత్వం కట్టించిన ఇంట్లో ఉంటుంది. వెళ్ళగానే నా ముఖం రెండు చేతులతో తడిమి, "అచ్చం మీ పెద్దనాన్న ముక్కేరా" అని ఏడ్చింది. ఎనభై రెండేళ్ళు. రోజూ పొద్దున పంజాబీ ఆవిడతో హిందీలో, దేవుడితో తెలుగులో మాట్లాడుతుంది.

నేనెందుకు వచ్చానో చెబితే వింతగా చూసింది. "ఆ కోడి కోసమా? ఓడెక్కి?" తరవాత కాస్సేపు ఊరుకుని నెమ్మదిగా చెప్పింది. వచ్చిన కొత్తల్లో వాళ్ళూ ఆ గుడ్లు తిన్నారు. రేషను ఓడ ఆలస్యమైతే అడవే దిక్కు. ఒక్కో గుడ్డు కోడిగుడ్లు రెండింటి పెట్టు, లోపల అంతా పచ్చసొనే. తరవాత తినకూడదని తెలిసింది, పెద్దనాన్న మానేశాడు, ఇంకొకళ్ళు తవ్వుతుంటే గొడవ పెట్టుకునేవాడు. ఇప్పుడా పక్షి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. పులికి ఉన్న రక్షణే దానికీ.

14న అటవీ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాను. మధ్యలో శనాదివారాలు వచ్చాయి. 18 మధ్యాహ్నం సరేనన్నారు. ఎక్కడి దాకా వెళ్ళవచ్చో, ఎక్కడ ఆగాలో స్పష్టంగా చెప్పారు. జాతీయ పార్కుల లోపలికి వద్దు, గిరిజన రిజర్వు వైపు అసలే వద్దు. లోపలి అడవి షోంపెన్ ఆదివాసుల ఇల్లు. తూర్పు తీరం వెంబడి రోడ్డు పక్క ఉన్న అడవి చాలు, ఇద్దరు వెళ్ళండి, వాగుల్లో కాళ్ళు పెట్టకండి, మొసళ్ళున్నాయి. ఇవన్నీ నాకు న్యాయంగానే తోచాయి. దారి చూపడానికి, అటవీ పనుల్లో చాలా ఏళ్ళు కూలికి వెళ్ళిన ఒక పెద్దమనిషి ఒప్పుకున్నాడు. పెట్రోలుతో కలిపి రోజుకు ఏడువందలు. నన్ను మాస్టర్జీ అని పిలిచేవాడు, నేను ఆయన్ని దాదా అనేవాణ్ణి.

అక్కడ పొద్దు మన పొద్దు కాదు. గడియారం మనదే అయినా, తూర్పున చాలా దూరం కావడంతో అయిదున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు, సాయంత్రం అయిదున్నరకే మునిగిపోతాడు. అందుకని నాలుగింటికి లేవాలి. ఊళ్ళ పేర్లతో పాటు కిలోమీటర్లే చిరునామాలు: పదహారో కిలోమీటరు, ముప్ఫై అయిదో కిలోమీటరు. తీరం వెంబడి దక్షిణానికి పోయే ఆ రోడ్డు శాస్త్రినగర్ దాకా ఊళ్ళను దాటుకుంటూ వెళుతుంది. సునామీకి ముందు అది దీవి దక్షిణపు కొస, ఇందిరా పాయింట్ దాకా ఉండేది.

19న మొదటి రోజు. దారి పొడుగునా వాన. నేను తెల్లచొక్కా వేసుకుని వచ్చానని దాదా స్కూటరు ఆపి, తన సంచీలోంచి పాత ఆకుపచ్చ చొక్కా తీసి ఇచ్చాడు. బైనాక్యులర్స్ అద్దాలు, నా కళ్ళద్దాలు, రెండూ ఆవిరి పట్టిపోయాయి. అయినా ఆ రోజు వృథా కాలేదు. రోడ్డు దిగి సముద్రం వైపు రెండు నిమిషాలు నడిచాక దాదా నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు. నా అడుగు ముందున్న మట్టిగుట్ట మామూలు గుట్ట కాదు. దిబ్బ.

ఇంకో అడుగు వేసి ఉంటే నా బరువు దాని అంచు మీద పడేది. కింద గుడ్లు ఉండవచ్చు. ఆ సంగతి తట్టగానే నా ఒళ్ళు చల్లబడింది. బొమ్మల్లో చూసిన దిబ్బలన్నీ గోపురాల్లా ఉంటాయి. నిజంగా అడవిలో అది ఎండాకులు రాలిన నేలలాగే ఉంటుంది, కాస్త ఉబ్బెత్తుగా. ఆ రోజు నుంచి దాదా కాలు ఎక్కడ పెడితే నేనూ అక్కడే పెట్టాను.

అది వాడకంలో లేని దిబ్బ. మీద కలుపు మొలిచింది. పక్క భాగంలో పెద్ద బొరియ, నీటి ఉడుము గుడ్ల కోసం తవ్విందన్నాడు దాదా. పాడుబడిందే కనుక, అడిగి, ఆ బొరియలో చెయ్యి పెట్టాను. ఇసుక, పగడపు ముక్కలు, వేళ్ళకు నలిగిపోయే కుళ్ళిన కర్ర. చల్లగా ఉంది. చిన్నప్పుడు మా దొడ్లో పెంటదిబ్బలో మాఘమాసపు పొద్దున చెయ్యి పెడితే కాలేది, పైన ఆవిరి లేచేది. మాకదొక ఆట. ఆ వేడే ఈ పక్షికి పెనిమిటి, పెళ్ళాం, మంత్రసాని. ఆకులు, కర్రలు కుళ్ళేటప్పుడు పుట్టే వేడి మెగాపోడ్ జాతుల దిబ్బల్లో సుమారు 33, 34 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. గుడ్డు పిల్ల కావడానికి డెబ్బై ఎనభై రోజులు పడుతుంది. అన్నాళ్ళూ తల్లిదండ్రులు గుడ్డును తాకవు, దిబ్బను మాత్రం తడుముతూనే ఉంటాయి, ఇంత మట్టి చేర్చి, అంత తీసేసి. ఈ దిబ్బను అలా తడిమేవాళ్ళు లేరు. చల్లబడిపోయింది. చెయ్యి బయటికి తీశాక చాలాసేపు నాకు మాట రాలేదు.

ఆ రాత్రి పెద్దమ్మకు ఇదంతా చెబితే, వింటూ వింటూ అంది: "చేప చూపుతో పెంచుతుంది, తాబేలు తలపుతో పెంచుతుంది, పక్షి ఒంటితో పెంచుతుంది అంటారు కదరా పెద్దలు. మరి ఇది దేనితో పెంచినట్టు?" క్లాసులో ఏ పిల్లవాడూ నన్నింత మంచి ప్రశ్న అడగలేదు. పనితో, అన్నాను. తల ఊపింది.

20న ఇంకో చోటుకు తీసుకెళ్ళాడు. ఇది బతికున్న దిబ్బ. ఒక పెద్ద చెట్టు మొదట్లో, నా మోకాలి కంటే కాస్త ఎత్తు, అటు నుంచి ఇటు ఏడెనిమిది అడుగులు. మీద మట్టి తాజాగా తిరగేసి ఉంది, తడి ఆకులు పైన, పొడి ఆకులు కింద. దానికి ముప్ఫై అడుగుల దూరంలో, ఒక మొండి బావిగట్టు వెనక కూర్చున్నాం. అవును, బావిగట్టే. అడవిలో, వేళ్ళ మధ్య, సిమెంటు వరలు రెండు సగం ఇసుకలో కూరుకుని ఉన్నాయి. చుట్టూ ఇల్లు లేదు, గోడ లేదు. ఎవరిదని దాదాను అడిగితే తెలియదన్నాడు, ఆయన సునామీ తరవాత ఇటు వచ్చిన మనిషి. ఫొటో తీసుకున్నాను.

ఆ పొద్దున నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నాం. దోమలు, ఇసుక ఈగలు. కోతుల గుంపు ఒకటి వచ్చి మమ్మల్ని చూసి అరిచి పోయింది. పక్షి రాలేదు. 21న దగ్గరలో కూత వినిపించింది. మొదట కుక్-కుక్ అని ఒకటి, అది ఆగకముందే ఇంకొకటి అందుకుని, రెండూ కలిసి గలగలమని. జంట కలిసి కూస్తుంది. దాదా నా మోకాలి మీద రెండు వేళ్ళు తట్టాడు, ఇద్దరున్నారని. కంటికి మాత్రం కనిపించలేదు. వెనక్కి వచ్చేటప్పుడు నిరాశగా లేదు. కానీ అరవై రెండేళ్ళ మోకాళ్ళకు అలా కూర్చోవడం కష్టం. 22న వెళ్ళలేదు. పెద్దమ్మ ఆముదం కాచి రాసింది.

23, ఆదివారం. పొద్దున ఆరు గంటల పది నిమిషాలు. ఏ చప్పుడూ లేకుండా, ముందు ఎక్కడా లేనిది, ఉన్నట్టుండి దిబ్బ అంచున ఉంది.

మన నాటుకోడి అంత ఉంది. ఒళ్ళంతా మట్టిరంగు, వక్కపొడి నీళ్ళలో నానబెట్టినట్టు. తల మాత్రం లేత బూడిదరంగు, కంటి చుట్టూ ఈకలు లేని ఎర్రటి చర్మం, కొత్త ఇటుక రంగు. నడినెత్తిన చిన్న జుట్టు. తోక లేనట్టే. అన్నింటికన్నా ముందు కంటబడేవి కాళ్ళు. ఆ ఒంటికి సరిపోని కాళ్ళు అవి, బలంగా, మొద్దుగా, పొడుగాటి గోళ్ళతో. మెగాపోడ్ అంటే పెద్ద పాదాలది అని అర్థం. ఆ పేరు ఎందుకు పెట్టారో అప్పుడు కళ్ళారా తెలిసింది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో మట్టిని వెనక్కి విసిరింది. ఒక్క విసురుకు ఇంత దోసెడు మట్టి, ఆకులతో సహా, గజం దూరం పడింది. ఆగింది, తల పక్కకు వంచి చూసింది, కాలు మార్చుకుంది. ఇంకో విసురు. గుంతలో తల పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది. లోపలి వేడి చూసుకుంటోందేమో అనిపించింది. రెండోది వెనక పొదల్లోనే ఉండి కాపలా కాసింది, ఒకసారి మాత్రం బయటికి వచ్చి, రాలిన ఆకులను తన వంతుగా దిబ్బ మీదికి తన్నింది.

పదకొండు నిమిషాలు. గడియారం చూడాలని నాకు తోచలేదు, దాదా చెప్పాడు. ఒక ఎండు కొబ్బరి మట్ట ఎక్కడో విరిగి పడింది, రెండూ పరుగెత్తుకు పోయాయి. ఎగరలేదు, పరుగే. నా బుగ్గల మీద తడి చెమట అనుకున్నాను, కాదు. దాదా అటు తిరిగి బీడీ వెతుక్కున్నట్టు నటించాడు. మా అరుగు, పెద్దనాన్న గొంతు, నేను నమ్మని ఆ కథ, అంతా ఒక్కసారి మీద పడింది.

గుడ్డు కనబడలేదు, పిల్ల అసలే కనబడలేదు. దాదా ఇన్నేళ్ళలో పిల్లను చూసింది రెండుసార్లు. దిబ్బలోంచి తల పెట్టి, కాసేపు ఊపిరి తీసుకుని, ఒళ్ళు దులుపుకుని, అటూ ఇటూ చూడకుండా అడవిలోకి పోయిందట. పుట్టిన కొద్ది గంటలకే ఎగరగలదు. దాన్ని ఎవరూ పెంచరు, ఎవరూ దారి చూపరు.

25న ఇంకోసారి వెళ్ళాం. ఒకే పక్షి, రెండు నిమిషాలు. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు సముద్రం ఒడ్డున కూర్చుని, ఇంటి దగ్గర చదివినవన్నీ తలచుకున్నాను. ఈ పక్షి దిబ్బ కట్టేది ఎక్కువగా ఒడ్డుకు దగ్గరి అడవిలోనే. 2004 డిసెంబరు 26న సముద్రం తీసుకుపోయింది సరిగ్గా ఆ అడవినే. ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది, లైట్‌హౌసు మొదలు నీళ్ళలోకి పోయింది. మెగాపోడ్ పేరు పెట్టి అభయారణ్యంగా ప్రకటించిన చిన్న దీవి మునిగిపోయింది. 1990ల్లో పక్షి శాస్త్రవేత్త రవి శంకరన్ దీవి దీవికీ తిరిగి దిబ్బలు లెక్కపెట్టారు. సునామీ తరవాత మరో శాస్త్రవేత్త కె. శివకుమార్ మళ్ళీ వెళ్ళి లెక్కపెడితే, గూళ్ళు కట్టే జంటలు దాదాపు 70 శాతం తగ్గాయని తేలింది. మిగిలిన వాటికి ఉడుములు, కుక్కలు, మనుషుల బెడద. అయినా ఆ జంట మళ్ళీ ఒడ్డుకే వచ్చి మట్టి విసురుతోంది.

ఇప్పుడు ఆ దీవికి ఇంకో పెద్ద మార్పు రానుంది. గలాథియా బేలో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం. అందుకోసం 2021 జనవరిలో గలాథియా బే అభయారణ్యం హోదా తీసేశారు, 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. నూట ముప్ఫై చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. తోలు లాంటి వీపున్న లెదర్‌బ్యాక్ సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక అదే, మెగాపోడ్‌లు దిబ్బలు కట్టే ఒడ్డూ అదే. మెగాపోడ్ కోసం 2022లో మెన్చల్ అనే దీవిని కొత్త అభయారణ్యం చేశారు. దాని విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. ఒక జంట తన దిబ్బను ఎంత కష్టపడి కాపాడుకుంటుందో చూసిన కళ్ళతో ఈ లెక్కను ఒప్పుకోలేను. ఇది నా మాట. పెద్దమ్మ మాట వేరు. "ఇక్కడి పిల్లలు పదో తరగతి అవగానే ఓడెక్కేస్తున్నారు. ఆసుపత్రికి పోవాలంటే హెలికాప్టరు కోసం చూడాలి. రేవు వస్తే ఇవన్నీ వస్తాయంటున్నారు" అంది. యాభై ఏళ్ళు అక్కడ బతికిన మనిషి. ఆమెకు ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆసుపత్రి కోసం అడవి అంతా ఇవ్వాలా అని మాత్రం అడిగాను. జవాబు చెప్పలేదు, నాకు మజ్జిగ కలిపి ఇచ్చింది.

తిరుగు ఓడ 26న అన్నారు, 28 మధ్యాహ్నం కదిలింది. హెలికాప్టరులో చోటు అడిగాను. రోగులు, ద్వీపవాసులు ముందు కనుక నాకు దొరకలేదు, దొరకకపోవడమే సరైంది. మార్చి 2 పొద్దున పోర్ట్ బ్లెయిర్, 3న విమానం, రాత్రికి రైలు, 4న ఇల్లు. ఖర్చు అంతా కలిపి ముప్ఫై ఎనిమిది వేల నాలుగువందలు. అందులో సగానికి పైగా విమానాలకే పోయింది, వృథా అయిన టికెట్‌తో కలిపి. ఓడ ఖర్చు అన్నింటికన్నా తక్కువ. చేతిలో నోట్లు ఉంచుకోండి, రెండు రోజులు ఫోన్లు పనిచేయక నేను పాల డబ్బులు కూడా అప్పు పెట్టాను. ముదురు రంగు బట్టలు, పలచని తువ్వాలు, అద్దాలు తుడిచే పొడి గుడ్డ, నిమ్మకాయలు. ఫోను కెమెరాతో ఫొటో వస్తుందని ఆశ పెట్టుకోకండి. నా దగ్గరున్నది పదకొండు నిమిషాల్లో తీసిన నలభై సెకండ్ల వీడియో, అందులోనూ పక్షి కంటే ఎగిరిపడే మట్టే ఎక్కువ కనిపిస్తుంది. గుడ్డు చూపిస్తామనో దిబ్బ తవ్వి చూపిస్తామనో ఎవరైనా అంటే వాళ్ళతో వెళ్ళకండి.

ఆ వీడియో బయలుదేరే ముందు రాత్రి పెద్దమ్మకు చూపించాను. మూడుసార్లు చూసింది. మట్టి ఎగిరినప్పుడల్లా "అదీ" అంది. తరవాత నేను ఫోనులో బొమ్మలు ఒక్కొక్కటీ జరుపుతుంటే, బావిగట్టు ఫొటో దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది. దగ్గరికి పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఇది ఏ కిలోమీటరు దగ్గర?"

చెప్పాను. "పక్కన ఏటవాలు రాయి ఉందా, గేదె పడుకున్నట్టు?" ఉంది. దాని మీదే దాదా సంచీ పెట్టాడు.

"పక్కింటి మహారాష్ట్ర వాళ్ళ బావి" అంది పెద్దమ్మ. "ఆ వరలు దింపింది మీ పెద్దనాన్నే. మన ఇల్లు ఇటు." ఫోను తెర మీద, ఆ వీడియోలో దిబ్బ ఉన్న వైపు, చూపుడు వేలు పెట్టి చూపించింది.